దారి పక్క చుక్క
మన పల్లెల్లో క్రిస్మస్ వెలుగుల పుట్టుక

డిసెంబరు నెల రాగానే బాన్సువాడ నుంచి ఎల్లారెడ్డి మీదుగా మెదక్ పోయే దారిలో, కొన్ని ఇళ్ల ముందు, చిన్న చిన్న ప్రార్థన మందిరాల ముందు పొడుగాటి వెదురు గడలు లేస్తాయి. గడ కొసన అయిదు మూలల చుక్క వేలాడుతుంది. రాత్రయితే దాని లోపల బల్బు వెలుగుతుంది. గడ నుంచి చూరుకు, చూరు నుంచి పక్కనున్న వేపచెట్టుకు సీరియల్ లైట్ల తీగలు పాకుతాయి. కొత్త సంవత్సరం దాటిన కొన్నాళ్లకు గడ దిగిపోతుంది. చుక్క ఏ అటకమీదికో చేరుతుంది.

ఈ చుక్క గురించి మన పిల్లలు బడిలో రెండు రకాల మాటలు తెస్తారు. "ఇది మనది కాదు, దొరల పండుగ" అని కొందరు. "మా తాత కాలం నుంచి మా ఇంటి ముందు కడుతున్నాం, మాది కాకపోతే ఎవరిది?" అని ఇంకొందరు. ఇద్దరూ ఇంట్లో విన్నదే చెబుతారు. ఒకే తండా పిల్లలు ఒక కాగితపు చుక్క మీద రెండుగా చీలడం చూస్తున్నప్పుడు, తీర్పు చెప్పడం కన్నా ముందు చరిత్ర చెప్పడం మేలు అని ఉపాధ్యాయులుగా మాకు అనిపిస్తుంది. ఇది ఎట్లా పుట్టింది? ఏ దారిన వచ్చింది? ఎవరి చేతులు దీన్ని కట్టాయి? పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. కనుక మనమే రాసుకోవాలి.

చుక్క రాకముందు దీపం

ముందుగా ఒక మాట. ఇంటి బయట దీపం పెట్టి నలుగురి మంచి కోరడం మన తండాలకు ఎవరో నేర్పితే వచ్చింది కాదు. లంబాడీ తండాల్లో దవాళి అమావాస్య రాత్రి పెళ్లికాని ఆడపిల్లలు చేతిలో దీపంతో ఇంటింటికీ పోతారు. ముందు నాయక్ ఇంటికి, తర్వాత మిగిలిన ఇళ్లకు. గడప ముందు నిలబడి ఆ ఇంటి పెద్దలకు 'మేరా' చెబుతారు. ఆ ఇల్లు ఏడాది పొడుగునా చల్లగా ఉండాలని కోరుతారు. పెద్దలు దీవించి చేతిలో ఏదో ఒకటి పెడతారు. తెల్లారి అడవికి పోయి పూలు తెస్తారు.

ఈ ఆచారంలో గమనించవలసింది ఒకటుంది. దీపం ఒక ఇంట్లో ఆగిపోదు, తండా అంతా తిరుగుతుంది. పేద ఇల్లు, కలిగిన ఇల్లు అన్న తేడా లేకుండా ప్రతి గడపా ఆ వెలుతురులో ఒకసారి కనబడుతుంది. గ్యాస్ నూనె బుడ్డి తప్ప వేరే వెలుగు లేని కాలంలో కూడా ఇది జరిగింది. కాబట్టి క్రిస్మస్ చుక్క మన దగ్గరికి వచ్చేనాటికి ఇక్కడున్నది ఉత్త చీకటి కాదు. దీపానికి అర్థం తెలిసిన మనుషులు ఉన్నారు. ఈ సంగతి మరిచిపోతే తర్వాతి కథంతా బయటివాళ్లు మనకు వెలుగు తెచ్చిన కథగా మారిపోతుంది.

కరువులో కట్టిన గుడి

మన ప్రాంతంలో క్రిస్మస్ అంటే మెదక్ గుర్తుకొస్తుంది. ఆ గుర్తు వెనుక ఆకలి ఉంది. మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 19వ శతాబ్దం చివర్లో మెదక్ చేరాడు. అక్కడ పెద్ద చర్చి పని 1914లో మొదలయింది. అవి మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. కరువు రోజులు కూడా. పనికి తిండి అన్న పద్ధతిలో చుట్టుపక్కల ఊళ్ల జనం రాళ్లు మోశారు, సున్నం కలిపారు, నీళ్లు పోశారు. పదేళ్లు సాగిన పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. దాదాపు 175 అడుగుల గోపురం, అయిదు వేల మంది పట్టే లోపలి మందిరం లేచాయి. 2024 క్రిస్మస్ నాటికి దానికి నూరేళ్లు నిండాయి.

పాస్నెట్ పేరు అందరికీ తెలుసు. రంగు అద్దాల కిటికీల గురించి, విదేశం నుంచి వచ్చిన నేల పలకల గురించి ఎన్నో వ్యాసాలు ఉన్నాయి. కానీ ఆ గంప నెత్తికెత్తుకున్న ఆడవాళ్ల పేర్లు, ఆ రాయి ఎత్తిన మొగవాళ్ల పేర్లు మనకు ఎక్కడ దొరుకుతాయి? గుడి చరిత్ర ఉంది, కూలి చరిత్ర లేదు.

చర్చి ప్రతిష్ఠ క్రిస్మస్ రోజునే జరగడం వల్ల ఈ చుట్టుపక్కల ఆ పండుగ దారితో ముడిపడింది. పండుగ అంటే మెదక్‌కు పోవడం. తెల్లవారుజామునే తొలి ఆరాధన. దానికి అందాలంటే చీకట్లోనే ఊరు దాటాలి. బస్సులు లేని కాలంలో నడకో, ఎడ్ల బండో దిక్కు. చేతిలో కందిలి లేకుండా చలికాలపు రాత్రి నడిచేదెట్లా? దారి పక్క వెలుగు ఇవాళ మనకు అలంకారంగా కనిపిస్తుంది. చీకట్లో నడిచేవాళ్లకు మాత్రం అది ఊరు ఉందని, మనుషులు ఉన్నారని, కాసేపు కూర్చోవచ్చని చెప్పే గుర్తు.

నిజామాబాద్ వైపు ఇంకో తావు ఉంది. 1915లో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ వైద్యురాలు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పింది. నర్సాగౌడ్ అనే స్థానిక దాత సాయం దానికి అందింది. ఊరు బయటికి పంపేసిన మనుషులు అక్కడ ఒక చోట చేరి వైద్యం పొందారు. అంటే మన జిల్లాల్లో ఈ పండుగ మొదట అడుగుపెట్టింది గడీల్లోకి కాదు. కరువు కూలీల మధ్యకు, ఊరు వెలివేసిన రోగుల మధ్యకు, ఊరి చివరి వాడల్లోకి. గడ కొసన చుక్క కట్టిన తొలి చేతులు ఎవరివై ఉంటాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

చుక్క ఒక లెక్కల పాఠం

బైబిల్ కథలో తూర్పు దేశపు జ్ఞానులకు ఒక నక్షత్రం దారి చూపుతుంది. ఆ కథ పాతది. కాగితంతో చుక్క చేసి లోపల దీపం పెట్టడం అంత పాతది కాదు. దీనికి తెలిసిన పుట్టుకల్లో ఒకటి ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా నచ్చుతుంది. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల బడి ఉండేది. 1830ల ప్రాంతంలో ఆ బడిలో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి కాగితంతో ఎన్నో మొనలున్న నక్షత్రాలు చేయించారు. పిల్లలు దాన్ని ఇంటికి తీసుకుపోయారు. ఇళ్లలో దీపం పెట్టారు. 19వ శతాబ్దం చివరికి అది అమ్మకానికి తయారయ్యే వస్తువయింది. బడిలో లెక్కల పాఠంగా పుట్టింది ఊరి పండుగ అయింది.

ఫిలిప్పీన్స్ దేశంలో ఇంకో రకం. అక్కడ వెదురు బద్దలతో అయిదు మూలల చుక్క కట్టి పల్చని కాగితం అంటిస్తారు. దాన్ని 'పరోల్' అంటారు. లాంతరు అనే అర్థమున్న స్పానిష్ మాట 'ఫరోల్' నుంచి వచ్చిన పేరు అది. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు తెల్లవారకముందే చర్చికి పోయేవాళ్లకు అది దారి దీపం. సాన్ ఫెర్నాండో అనే ఊళ్లో వాడలు ఒకదానితో ఒకటి పోటీపడి ఇంటికన్నా పెద్ద చుక్కలు కడతాయి. చీకటి, నడక, వెదురు, కాగితం. మన దారికీ వాళ్ల దారికీ ఎంత దగ్గర!

మన దగ్గర చుక్క కట్టే పద్ధతిని ఒకసారి చూద్దాం. సమానమైన అయిదు వెదురు బద్దలను ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి కట్టితే ఒక చుక్క వస్తుంది. అటువంటివి రెండు కావాలి, అంటే పది బద్దలు. రెండింటినీ అయిదు కొసల దగ్గర కలిపి దారంతో బిగిస్తారు. లోపల బద్దలు దాటే అయిదు తావుల్లో జానెడు పుల్లలు అడ్డం పెడితే మధ్య భాగం ఉబ్బుతుంది, దీపానికి చోటవుతుంది. పైన గాలిపటాల కాగితం, మైదా గంజితో అంటిస్తారు. ఒక మూలన కాగితం అంటించకుండా చిన్న తలుపు విడుస్తారు. దీపం అక్కడి నుంచే లోపలికి పోతుంది.

లెక్కల మాస్టర్లు దీన్ని తరగతికి తెచ్చుకోవచ్చు. సమంగా కట్టిన చుక్కలో ఒక్కో కొస కోణం 36 డిగ్రీలు. అయిదు కలిపితే 180, త్రిభుజం కోణాల మొత్తం ఎంతో అంత. మధ్యలో తానుగా ఏర్పడేది పంచభుజి. గంపలు, తట్టలు, చాటలు అల్లే ఇళ్ల పిల్లలకు వెదురు చీల్చడం ఎవరూ నేర్పనక్కర లేదు. బడిలో వెనుక బెంచీలో కూర్చునే ఆ పిల్లవాడు ఆ రోజు ముందుకొస్తాడు. ఎక్కడో పుట్టిన ఆకారమే అయినా, మన చేతిపని తెలిసినవాళ్లే దాన్ని ఇక్కడ నిలబెట్టారు.

ఇట్లా పరాయి ఆకారాన్ని తమదిగా మలుచుకున్న ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఇంకొకటి ఉంది. లంబాడీలు, కోయలు ఉండే మహబూబాబాద్ వైపు డోర్నకల్‌లో 1939లో ఒక చర్చి ప్రతిష్ఠ అయింది. దాని పేరే జ్ఞానులకు నక్షత్రం దారి చూపిన పండుగ పేరు, ఎపిఫనీ. అక్కడి బిషప్ వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, 1912లో ఆ పదవి పొందాడు. ఆయన ఇంగ్లండు నమూనా వద్దనుకున్నాడు. దక్షిణాది గుళ్ల స్తంభాలను, ముస్లిం గుమ్మటాలను కలిపి, తామర పూల చెక్కడాలతో కట్టించాడు.

తీగ ఎక్కిన వెలుగు

ఇప్పుడు కరెంటు సంగతి. 1882 డిసెంబరులో న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో ఒక చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల 80 చిన్న బల్బులు కట్టి వెలిగించాడు. క్రిస్మస్ చెట్టుకు కరెంటు దీపాలు పెట్టడం అక్కడ మొదలయింది. చాలా ఏళ్లు అది కలిగినవాళ్ల ఇంటి లోపలి ముచ్చటే.

ఆ వెలుగు ఇల్లు దాటి దారి పక్కకు వచ్చిన తొలి పెద్ద ఉదాహరణ కాలిఫోర్నియాలోని ఆల్టడీనా అనే చిన్న ఊరు. అక్కడ శాంటా రోసా అవెన్యూ అనే వీధికి రెండు వైపులా దేవదారు చెట్లు ఉన్నాయి. దేవదారు మన హిమాలయాల చెట్టు. దాని విత్తనాలు ఇటలీ మీదుగా అక్కడికి చేరాయి, 1885లో మొక్కలు నాటారు. 1920లో ఫ్రెడరిక్ నాష్ అనే ఊరి వ్యాపారి నలుగురినీ కూడగట్టి ఆ చెట్లకు దీపాలు కట్టించాడు. అప్పటి నుంచి ఊరివాళ్లే నిచ్చెనలు ఎక్కి తీగలు కడతారు. చూడవచ్చినవాళ్లు కారు ముందు దీపాలు ఆర్పుకుని మెల్లగా పోవడం అక్కడి ఆనవాయితీ. 2025 జనవరిలో పెద్ద కార్చిచ్చు ఆ ఊరిని చుట్టుముట్టి వేల కట్టడాలను కాల్చేసింది. ఆ దేవదారు చెట్లలో చాలా మటుకు నిలిచాయి.

మన దగ్గర కరెంటు కథ ఇంత తేలికగా నడవలేదు. బాన్సువాడ పక్కనే మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. మెదక్ గుడి పని ముగింపుకు వచ్చే రోజుల్లో ఈ కట్ట పని మొదలయిందన్నమాట. కాలువ నీళ్లతో వరి పండింది, చెరకు పండింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాతి కాలంలో ఆ కట్ట నీళ్లతో కరెంటు కూడా తీశారు. అయినా ఆ వెలుగు కట్ట నుంచి తండాకు రావడానికి చాలా కాలం పట్టింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. అయితే తీగలు ముందు ఊరికి వచ్చాయి, తర్వాత పొలం మోటార్లకు, ఆ తర్వాత తండాకు. పేద ఇళ్లకు మీటర్లు పెట్టే రాజీవ్ గాంధీ పథకం మొదలయింది 2005లో. జాన్సన్ చెట్టుకూ దీనికీ మధ్య 123 ఏళ్లు ఉన్నాయి.

అందుకే చుక్క లోపలి దీపం మారిన క్రమం చెబితే తండా చరిత్ర చెప్పినట్టే. మొదట ఎక్క బుడ్డి. గాలికి కాగితం అంటుకుంటుందని పక్కన ఒకరు కాపలా. తర్వాత కందిలి. క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ తిరిగే బృందానికి ముందు గ్యాస్ బత్తి మోసే మనిషి. తర్వాత కరెంటు బల్బు. తర్వాత చిన్న బల్బుల సీరియల్ సెట్టు. ఇంటికి వచ్చే 230 వోల్టులను 6 వోల్టుల బల్బులకు పంచాలంటే 38, 40 బల్బులను వరుసగా ఒకే తీగకు గుచ్చాలి. అందులో ఒక్కటి మాడితే మొత్తం ఆరిపోతుంది. ఏది మాడిందో వెతకడానికి ఒక రాత్రి పట్టేది. ఈ పని తెలిసిన కుర్రవాడికి ఊళ్లో అన్ని పండుగల్లోనూ గిరాకీ. క్రిస్మస్ చుక్కకు, వినాయకుడి మండపానికి, పీర్ల చావిడికి, సేవాలాల్ జయంతికి అదే తీగ, అదే కుర్రవాడు. ఎల్ఈడీలు వచ్చాక ఖర్చు తగ్గింది. నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ వచ్చింది. దాని పుణ్యమా అని ఇవాళ కూలి ఇల్లు కూడా చూరంతా వెలిగించుకోగలదు.

దారి పక్కనే ఎందుకు?

ఇంతకీ ఆ గడ ఇంటి వెనుక కాక దారి వైపే ఎందుకు లేస్తుంది? మన జాతుల చరిత్రలో దారికి పెద్ద చోటుంది. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగారు. రైలు వచ్చి ఆ బతుకు తీసుకుపోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం దేశంలో ఎన్నో సంచార జాతుల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర కొట్టింది. 1952 దాకా ఆ ముద్ర చట్టంలో నిలిచింది, జనం నోట్లో ఇంకా కొంత మిగిలే ఉంది. దారిలో కనబడితే అనుమానం. కనుక దారికి దూరంగా, కంట పడకుండా ఉండడం అలవాటయింది. అట్లాంటి చోట ఒక చిన్న గుంపు, నాలుగు ఇళ్లవాళ్లు, దారి వైపు గడ ఎత్తి దీపం పెట్టారంటే, "మేమిక్కడ ఉన్నాం, చూడండి" అన్నట్టే. 2018లో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు తెలంగాణలో గ్రామ పంచాయతీలయ్యాయి. వీధి దీపాలు ఇప్పుడు మన సర్పంచుల బాధ్యతే. అంతకుముందు చాలా చోట్ల పండుగ దీపమే తండా వీధి దీపం.

ఇక పిల్లల తగాదా. చుక్క కట్టినవాళ్లు తండావాళ్లు కాకుండా పోతారా? పోరు. షెడ్యూల్డ్ తెగల గుర్తింపుకు మన రాజ్యాంగం మతాన్ని షరతుగా పెట్టలేదు. అక్క దవాళికి మేరా చెప్పి, చెల్లె డిసెంబరులో చుక్క కింద పాడితే ఇద్దరూ ఒక యాడి బిడ్డలే. అదేవిధంగా, చుక్క కట్టినంత మాత్రాన దవాళి దీపాన్ని చిన్నచూపు చూడవలసిన పనీ లేదు. ఏ దీపం గొప్పదన్న పోటీలో మనం పడితే రెండు దీపాల చరిత్రా పోతుంది. ఎవరి విశ్వాసం వారిది. చరిత్ర మాత్రం అందరిది.

మనం చేయవలసిన పని

మెదక్ రాళ్లు మోసినవాళ్ల పేర్లు పోయాయి. మన తండాల్లో తొలి చుక్క కట్టినవాళ్ల పేర్లు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ఆ సంగతి తెలిసిన ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. అందుకే ఉపాధ్యాయ మిత్రులను, చదువుకున్న యువకులను, అమ్మాయిలను ఒక పని అడుగుతున్నాం. ఈ డిసెంబరులో మీ తండాలో, గూడెంలో, వాడలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఈ ప్రశ్నలు అడగండి. తొలి చుక్క ఎవరి ఇంటి ముందు లేచింది? వెదురు ఎక్కడిది, ఎవరు చీల్చారు? కాగితం డబ్బులు ఎవరు వేసుకున్నారు? లోపల ఏ దీపం పెట్టారు? కరెంటు ఏ ఏడు వచ్చింది? అప్పుడు ఎవరైనా వద్దన్నారా, వద్దన్నవాళ్లు తర్వాత ఏమయ్యారు? దవాళి దీపం గురించి, తీజ్ గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగండి. గోర్ బోలీలో చెబితే గోర్ బోలీలోనే తెలుగు లిపిలో రాయండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వేయండి, వారి అనుమతి తీసుకోండి. ఒక నోటుబుక్కు బడి బీరువాలో పెట్టండి. ఏటా నాలుగు పేజీలు చేరినా చాలు. పదేళ్లకు అది మన తండా చరిత్ర పుస్తకం అవుతుంది. అప్పుడు "ఇది ఎవరిది?" అని ఏ పిల్లవాడు అడిగినా, ఆ పుస్తకం తెరిచి కట్టిన చేతుల పేర్లు చదివి వినిపించవచ్చు.